ఎర్రగుడి బండ మీద గ్రీకు రాజులు

(రామగిరి సంఘమున ఆదివార సాయంకాల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవముల సందర్భంగా సంఘ కమిటీవారు ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్కరికి ఒక్కొక్క అంశం ఇస్తూ వచ్చారు. నా వంతుకు ‘పౌలు నడచిన గ్రీకు పట్టణములు’ అనేది వచ్చింది. వేదాంత కళాశాలలో గ్రీకు చదివినవాడు గదా, కొరింథును గురించీ ఏథెన్సును గురించీ నాలుగు మాటలు చెప్పగలడని వారి ఉద్దేశం. చెప్పగలను. పుస్తకాలున్నవి, పటాలున్నవి. కాని నేను కొరింథు చూడలేదు. ఇక్కడ కూర్చున్నవారిలోనూ చూసినవారు లేరు. ఈ మధ్య ట్రావెల్సువారు పరిశుద్ధ దేశంతోబాటు గ్రీసును కూడా కలిపి పది పన్నెండు దినాలలో తిప్పి తీసుకువస్తున్నారు. కాని వానను నమ్ముకొని వేరుశెనగ వేసేవారికీ, ధర్మవరం మగ్గాల మీద కూలికి నేసేవారికీ అది చేతనయ్యే ఖర్చు కాదు.

అందుచేత కమిటీవారి అనుమతితో అంశాన్ని కొంచెం పక్కకు జరిపాను. ఉదయం సద్ది కట్టుకొని బయలుదేరి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి తిరిగి రాగలిగినంత దూరంలో, అయిదుగురు గ్రీకు రాజుల పేర్లు చెక్కిన బండ ఒకటి ఉన్నది. దానిని చూడడానికి పోయిన నెలలో మన యౌవనస్థులు, ఇద్దరు పెద్దలు, నేను కలిసి ఒక వ్యాను మాట్లాడుకొని వెళ్లివచ్చాము. ఈ సాయంకాలం ఆ సంగతే మనవి చేస్తాను.

వెళ్లడానికి ఒక కారణం ఉన్నది. మన సంఘపు పిల్లవాడు ఒకడు అనంతపురంలో కాలేజీలో చదువుతున్నాడు. తోటి విద్యార్థి ఒకడు అతని దగ్గర కొత్త నిబంధన తీసుకొని, వెనుక ఉన్న పటం తెరిచి, “ఇందులో అన్నీ గ్రీకు ఊళ్లే. మన నేలకూ దీనికీ ఏమి సంబంధం?” అన్నాడట. పోట్లాటకు అన్నది కాదు, తెలుసుకోవాలనే అన్నాడు. మన పిల్లవాడికి జవాబు తోచలేదు. సెలవులకు వచ్చినప్పుడు నన్ను అడిగాడు. మాటలతో చెప్పేదానికంటె బండ దగ్గరకు తీసుకొని పోవడం మేలనిపించింది.

రామగిరి నుంచి హైవే ఎక్కి అనంతపురం మీదుగా గుత్తి చేరి, అక్కడ నుంచి పత్తికొండ దారి పడితే కొద్ది దూరంలోనే ఎర్రగుడి వస్తుంది. కర్నూలు జిల్లా. ఆ దారి మనకు పాత చరిత్ర ఉన్న దారి. దత్త మండలాలకు మొదటి కలెక్టరుగా ఉండి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1827 జూలైలో కలరా తగిలి ఆ పత్తికొండలోనే మరణించాడు. మొదట గుత్తి కోట కింది శ్మశానంలో పాతిపెట్టి, కొన్నేళ్ల తరువాత అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయానికి తీసుకొనిపోయారు. ఆయన చనిపోయిన నూట రెండేళ్లకు గాని ఎర్రగుడి బండల సంగతి పండిత లోకానికి తెలియలేదు.

1929లో వాటిని గుర్తించినది చరిత్రకారుడు కాదు. అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. అంతకు ముందు 1915లో రాయచూరు వైపు మస్కిలో అశోకుని పేరు ఉన్న శాసనాన్ని మొదట చూసినది బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు. ఇది వింటే రామగిరి వారికి నవ్వు రావాలి. మన ఊరి చుట్టూ పూర్వులు తవ్విన బంగారు గుంటలు, ఇప్పుడు మూతపడిన గనులు, మట్టి దిబ్బలు మనకు తెలియనివి కావు. బంగారం ఉన్న రాయిని వెతికేవారి కంటికే అశోకుడు కనిపించాడు. ఎర్రగుడికి దగ్గరలోనే జొన్నగిరి ఉన్నది. తొలకరి వానలు పడగానే జనం వజ్రాలు ఏరుకోవడానికి చేలల్లో దిగేది అక్కడే. అశోకుని కాలంలో దక్షిణ రాష్ట్రానికి రాజకుమారుడు కూర్చుని పాలించిన సువర్ణగిరి ఈ జొన్నగిరే అని చాలామంది పండితుల అభిప్రాయం. కర్ణాటకలోని కనకగిరి అనేవారూ ఉన్నారు.

ఇక బండలు. మన రామగిరి కొండల మాదిరే పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న చిన్న కొండ. ఆ గుండ్ల ముఖాల మీద అక్షరాలు. దేవాలయం లేదు, విగ్రహం లేదు, స్తంభం లేదు. ముందుగా చూసినవారికి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. మా వెంట వచ్చిన పిల్లల్లోనూ ఇద్దరు ముగ్గురు అలాగే అన్నారు. తరువాత ఒక పిల్లవాడు గట్టిగా కేకవేశాడు: “అయ్యగారూ, సిలువలు! రాయి నిండా సిలువలే!”

నిజమే. కూడిక గుర్తు వంటి, సిలువ వంటి గీతలు ఆ రాతలో చాలాచోట్ల ఉన్నవి. అందరూ చుట్టూ చేరారు. ఫోనులు బయటికి వచ్చాయి. అప్పటికప్పుడు ఫోటో తీసి నలుగురికీ పంపడానికి సిద్ధపడ్డారు. అది సిలువ కాదు, నాయనా, ‘క’ అనే అక్షరం అని చెప్పవలసి వచ్చింది. అశోకుని కాలపు బ్రాహ్మీ లిపిలో ‘క’ అట్లాగే ఉంటుంది. మనం ఈ రోజు రాసే తెలుగు ‘క’ వేయి సంవత్సరాలకు పైబడి కొంచెం కొంచెంగా వంగి, ముడిపడి, తలకట్టు పెట్టుకొని దాని నుంచి వచ్చినదే. ఆ రాయి చెక్కేనాటికి ప్రభువు పుట్టుకకు ఇంకా రెండున్నర శతాబ్దాలు ఉన్నది. రాని పిల్లవాడి పేరు బండ మీద ఉన్నదని చెప్పి మనం ఎవరినీ మెప్పించనక్కర లేదు. ఇటువంటి ఫోటోలు ఇప్పటికే చాలా తిరుగుతున్నవి. మన సంఘం నుంచి మరొకటి పోకూడదని నా కోరిక. పిల్లలు విన్నారు. ఫోనులు జేబుల్లోకి పోయాయి.

పిల్లలు కేకవేసిన ఆ ‘క’తోనే అసలు సంగతి మొదలవుతుంది. ‘అంతియోక’ అనే పేరులో చివరి అక్షరం అదే.

ఎర్రగుడిలో అశోకుని పెద్ద శాసనాలు పద్నాలుగూ ఉన్నవి, చిన్న శాసనమూ ఉన్నది. వాటిలో పదమూడవది కళింగ యుద్ధాన్ని గురించినది. పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు కళింగను జయించాననీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, లక్షమంది హతులైరనీ, అంతకు ఎన్నో రెట్లు మరణించారనీ, దానికి తాను దుఃఖపడుతున్నాననీ రాజు తన పేరనే చెప్పుకుంటాడు. జయించిన రాజు తన జయానికి సిగ్గుపడి రాయి మీద చెక్కించుకోవడం లోకచరిత్రలో అరుదు. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. కళింగ దేశంలోనే, ధౌళిలోను జౌగడలోను, పెద్ద శాసనాలు చెక్కించిన చోట ఈ పదమూడవ శాసనాన్ని మాత్రం చెక్కించలేదు. దానికి బదులు వేరే ఆజ్ఞలు పెట్టారు. అనగా దెబ్బ తిన్నవారి ఊరిలో పశ్చాత్తాపం లేదు, దూరాన మన ఎర్రగుడిలో ఉన్నది. రాజ్య తంత్రం అట్లా ఉండవచ్చు. మనిషి నొప్పించిన మనిషి ఎదుట కాక మూడో ఊరిలో ఒప్పుకోవడాన్ని గురించి గురువుగా నాకు వేరే ఆలోచనలు ఉన్నవి గాని, ఇప్పుడు వాటి జోలికి పోను.

ఆ శాసనంలోనే, ఇక మీదట ఆయుధాలతో కాక ధర్మంతో జయించడమే మంచి జయమని చెప్పి, ఆ జయం ఎక్కడెక్కడికి పోయిందో లెక్క చెబుతాడు. ఆరు వందల యోజనాల దూరాన యవన రాజు అంతియోకుడు. ఆయనకు ఆవల తురమాయ, అంతికిని, మక, అలికసుందర అనే నలుగురు రాజులు. దక్షిణాన చోళులు, పాండ్యులు, తామ్రపర్ణి వరకు. స్వంత రాజ్యంలో యవనులు, కాంబోజులు, ఇంకా కొందరితోబాటు ఆంధ్రులు. చోటును బట్టి పేర్ల ఉచ్చారణ కొంచెం మారుతుంది, తూర్పు భాషలో ‘ర’కు ‘ల’ పలుకుతుంది, కాని మనుషులు వారే. గమనించండి, గ్రీకులూ ఆంధ్రులూ ఒకే శాసనంలో కొద్ది మాటల ఎడంలో ఉన్నారు.

శాసనంలోని మాట ‘యోన’. ఆసియా ఒడ్డున ఉన్న అయోనియా గ్రీకుల పేరు నుంచి వచ్చినది. మన ఆదికాండము పదవ అధ్యాయంలో యాపెతు కుమారులలో ‘యావాను’ అని ఉన్నదే, అది హెబ్రీవారు అదే గ్రీకులను పిలిచిన పేరు. సంస్కృతంలో యవనులు. పేరు ఒకటే, మూడు దారులలో ప్రయాణం చేసింది.

ఇప్పుడు ఈ అయిదుగురు ఎవరో చూద్దాము. మీ బైబిలు వెనుక పటం తెరిచి పెట్టుకోండి.

అంతియోకుడు అనగా సిరియా రాజ్యాన్ని క్రీ.పూ. 261 నుంచి 246 వరకు ఏలిన రెండవ అంతియోకస్. మక్కబీయుల కాలంలో దేవాలయాన్ని అపవిత్రం చేసినవాడు వేరు, అతడు తరువాత నూరేండ్లకు వచ్చిన నాలుగవ అంతియోకస్. ఈ వంశపు పేరుతో కట్టిన పట్టణమే మన అంతియొకయ. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులు అనబడిన ఊరు. మనకు ఆ పేరు ఏ ఊరి నుంచి వచ్చినదో ఆ ఊరి పేరూ, మన ఎర్రగుడి బండ మీది రాజు పేరూ ఒకటే మాట. మా కాలేజీ పిల్లవాడు ఇది విని రెండు నిమిషాలు మాట్లాడలేదు.

తురమాయ అనగా ఐగుప్తు రాజు రెండవ టాలెమీ, ఫిలదెల్ఫు అని బిరుదు. క్రీ.పూ. 285 నుంచి 246 వరకు. రాజధాని అలెక్సంద్రియ. అపొల్లో పుట్టిన ఊరు. ఈ రాజు కాలంలోనే, ఈయన పట్టణంలోనే, మోషే ధర్మశాస్త్రాన్ని హెబ్రీ నుంచి గ్రీకులోనికి తిప్పారని యూదుల సంప్రదాయం. డెబ్బది ఇద్దరు పెద్దలు అన్న కథ సంగతి ఎట్లున్నా, క్రీ.పూ. మూడవ శతాబ్దిలో ఆ అనువాదం జరిగిందని పండితులు ఒప్పుకుంటారు. కొత్త నిబంధన రాసినవారు పాత నిబంధన వాక్యాలను ఎక్కువగా ఎత్తి రాసినది ఆ గ్రీకు పాఠం నుంచే. ఎర్రగుడిలో శిల్పి ఉలి పట్టుకొని తురమాయ పేరు చెక్కుతున్న కాలమూ, తురమాయ ఊరిలో లేఖకులు ఆదికాండాన్ని గ్రీకులో రాస్తున్న కాలమూ దాదాపు ఒకటే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఈ తురమాయ కూడా డయొనీసియస్ అనేవాణ్ణి భారతదేశానికి పంపినట్టు రోమా రచయిత ప్లినీ రాశాడు. అశోకుని దూతలను గురించి మాత్రం గ్రీకుల రాతలలో ఒక్క మాట మిగలలేదు. కాబట్టి అశోకుడు చెప్పిన ధర్మ విజయం అక్కడ ఎంత మేరకు నిలిచిందో అతని మాట మీదే నమ్మాలి.

దానియేలు గ్రంథం పదకొండవ అధ్యాయంలో దక్షిణ దేశపు రాజు కుమార్తె సంధి కోసం ఉత్తర దేశపు రాజునొద్దకు వెళ్లిన సంగతి చదివి ఉంటారు. ఆ దక్షిణ రాజు ఈ తురమాయ అనీ, ఉత్తర రాజు ఈ అంతియోకుడనీ, ఆమె పేరు బెరెనీకే అనీ పూర్వకాలం నుంచి వ్యాఖ్యానకర్తలు చెబుతూ వచ్చారు. ఆ పెండ్లి క్రీ.పూ. 252 ప్రాంతాన జరిగింది. కథ సుఖాంతం కాలేదు. మామా అల్లుళ్లు ఇద్దరూ ఒకే వాక్యంలో మన బండ మీద ఉన్నారు, అప్పటికింకా మామా అల్లుళ్లు కారు.

అంతికిని అనగా మాసిదోనియ రాజు అంతిగొనస్ గొనాతస్. ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ ఉన్న సీమ. మక అనగా కురేనీ రాజు మాగస్, తురమాయకు సవతి అన్న. కురేనీ అనగానే మీకు సీమోను జ్ఞాపకం వస్తాడు. మరో సంగతి. అంతియొకయలో గ్రీకులతో మొదట మాట్లాడినవారు కుప్రీయులు, కురేనీయులు అని అపొస్తలుల కార్యములలో ఉన్నది. అనగా మకుని ఊరివారు అంతియోకుని ఊరికి పోయి చెప్పారన్నమాట.

అయిదవవాడు అలికసుందర. ఇక్కడ పండితులు రెండు పాయలుగా చీలారు. ఎపిరస్ రాజు అలెగ్జాండరు అని కొందరు, కొరింథును ఏలిన అలెగ్జాండరు అని కొందరు. ఎపిరస్ అయితే పౌలు చలికాలం గడపాలనుకున్న నీకొపొలి తరువాత కట్టబడిన సీమ. కొరింథు అయితే చెప్పనే అక్కర లేదు. కమిటీవారు నాకిచ్చిన ఊరు అదే.

పేర్లు చెప్పి మురిసిపోవడం సులభం. వీటి వలన జరిగిన పని ఏమిటో కూడా తెలియాలి. 1830ల దాకా ఈ దేశంలో ఎవరికీ ఈ లిపి చదవడం రాదు. యవన రాజుల నాణేలలో ఒక పక్క గ్రీకు, మరొక పక్క మన దేశపు లిపి ఉండేది. 1836లో లాసెన్ అనే పండితుడు అగథొక్లేసు అనే యవన రాజు నాణెం సాయంతో కొన్ని బ్రాహ్మీ అక్షరాలు గుర్తించాడు. 1837లో కలకత్తా టంకశాల ఉద్యోగి జేమ్స్ ప్రిన్సెప్ మొత్తం లిపిని విప్పాడు. మరుసటి ఏడు గుజరాతులోని గిర్నార్ శాసనంలో ఈ గ్రీకు రాజుల పేర్లు చదివాడు. అంతవరకు అశోకుడు ఎప్పటివాడో గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదు. గ్రీకు రాజుల కాలాలు తెలిసినవే గనుక, అయిదుగురూ ఒకేసారి బ్రతికి ఉండగల ఏండ్లు ఏవో చూస్తే శాసన కాలం క్రీ.పూ. 255కు అటూ ఇటూగా తేలింది. మన పిల్లలు బడిలో చదివే ప్రాచీన భారత చరిత్రకు తారీకుల గుంజ పాతినది ఈ అయిదు పేర్లే.

పౌలు విషయంలోనూ సరిగా ఇట్లాగే జరిగింది. కొరింథులో అతణ్ణి న్యాయపీఠం ఎదుటికి తెచ్చినప్పుడు అకయకు అధిపతి గల్లియోను అని లూకా రాశాడు. ఏ సంవత్సరమో రాయలేదు. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన రాతి ముక్కలలో క్లౌదియ చక్రవర్తి ఉత్తరం ఒకటి ఉన్నది. అది క్రీ.శ. 52 నాటిది. అందులో గల్లియోను పేరు ఉన్నది. దానితో పౌలు కొరింథులో ఉన్న ఏడాదిన్నర 50కి, 52కి మధ్య అని తేలింది. రాజు పేరు ఉన్న ఒక రాయి ఉంటే చాలు, తక్కినవన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి.

పెద్ద శాసనాల దగ్గర నుంచి చిన్న శాసనం దగ్గరకు వచ్చాము. అది చదవడానికి పండితులే తిప్పలు పడ్డారు. ఎందుకంటె అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు పోతాయి. నేను పిల్లలకు ఇది వివరించడానికి తంటాలు పడుతుండగా మా వెంట వచ్చిన పెద్దాయన, జీవితమంతా సేద్యం చేసినవాడు, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ, “ఇందులో ఏముంది అయ్యగారూ, మడక సాలు కదా. ఈ కొసకు పోయి ఎద్దులను తిప్పుకొని మళ్లీ రావడమే” అన్నాడు.

గ్రీకు భాషలో ఆ రాతకున్న పేరు సరిగా అదే. బూస్ట్రొఫెడోన్. ‘బూస్’ అనగా ఎద్దు, ‘స్ట్రొఫె’ అనగా తిరగడం. ఎద్దు తిరిగినట్టు రాయడం. క్రేతు ద్వీపంలో గోర్తున్ అనే ఊరిలో గోడ మీద చెక్కిన పెద్ద చట్టం ఇదే పద్ధతిలో ఉన్నది, క్రీ.పూ. అయిదవ శతాబ్దిది. తీతును పౌలు విడిచి వచ్చిన ద్వీపమే క్రేతు. తరగతిలో నేను బట్టీ పట్టి నేర్చుకున్న మాటను మా పెద్దాయన చూసీ చూడగానే చెప్పాడు. అయితే ఎర్రగుడి శిల్పి గ్రీకుల దగ్గర నేర్చుకున్నాడని అనడానికి లేదు. అశోకుని నాటికి గ్రీకులే ఆ పద్ధతి వదిలి చాలాకాలమైంది. కుడి నుంచి ఎడమకు రాసే వాయవ్య దేశపు ఖరోష్ఠి తెలిసిన లేఖకులు ఈ ప్రాంతాలకు వచ్చారనడానికి మాత్రం సాక్ష్యం ఉన్నది. చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో శాసనం రాసిన చపడుడు తన పనిని చెప్పే చివరి మాటను ఖరోష్ఠిలో రాసుకున్నాడు. గాంధారం నుంచి చిత్రదుర్గం! ఆ మనిషి ఎన్ని నెలలు నడిచి వచ్చాడో.

చిన్న శాసనంలో ఇంకొక మాట నాకు చాలా నచ్చింది. ఈ ఆజ్ఞను భేరి మోగించి జనపదంలో తెలియజేయమని రాజుకులకు ఉత్తరువు. అనగా దండోరా. చదువు రానివారు వినాలనే. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, సత్యం పలకాలి అన్నది అందులోని సంగతి. దీనిని నేర్పవలసినవారి పట్టీలో ఏనుగుల మీద తిరిగేవారు, బ్రాహ్మణులు వగైరాలతోబాటు ‘కారణకులు’ ఉన్నారు. లెక్కలు, రాతలు చూసేవారు. మన కరణం అదే కుటుంబపు మాట. తెలుగు బైబిలు తిప్పినవారు ఎఫెసు పట్టణంలో అల్లరిని ఆపిన గ్రీకు అధికారికి ఏమి పేరు పెట్టారో జ్ఞాపకం చేసుకోండి. కరణము!

ఆ ఎఫెసు కరణం జనంతో అన్న సంగతి కూడా జ్ఞాపకం చేసుకోవాలి. ఈ మనుషులు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారు కారు అని. క్రైస్తవుడు కాని ఒక అధికారి పౌలు స్నేహితుల మాటతీరుకు ఇచ్చిన యోగ్యతా పత్రం అది. ఎర్రగుడిలోని పన్నెండవ శాసనం ఇదే విషయం మీద ఉన్నది. తన మతాన్ని పొగడుకోవడమూ, సమయం సందర్భం లేకుండా ఇతరుల మతాన్ని కించపరచడమూ కూడదనీ, నాలుకను అదుపులో పెట్టుకోవడమే మూలమనీ, అట్లా కించపరిచేవాడు చివరకు చెరుపు చేసేది తన మతానికేననీ దాని తాత్పర్యం. ఈ శాసనం దగ్గర మా పిల్లలు నిశ్శబ్దంగా నిలబడ్డారు. కారణం మీకు తెలుసు. ఉజ్జీవ కూటాలకు బయటినుంచి వచ్చే ప్రసంగీకులలో కొందరు పొరుగువారి దేవుళ్లను వెటకారం చేసి మనచేత చప్పట్లు కొట్టించుకొని పోతారు. మైకు ఊరంతా వినపడుతుంది. ప్రసంగీకుడు రాత్రికి బస్సెక్కిపోతాడు. తెల్లవారి బోరింగు దగ్గర ఆ పొరుగువారి ముఖం చూడవలసినది మన ఆడవారు. మనకూ అట్లాంటి మాటలు పడుతూనే ఉన్నవి, కాదనను. అయినా మన మైకు మన చేతిలో ఉన్నది. ఇక మీదట కూటాలకు పిలిచేటప్పుడు ఈ సంగతి ముందుగా మాట్లాడుకొని పిలవాలని సంఘ కమిటీ ముందు ఈ సందర్భంలోనే ప్రతిపాదిస్తున్నాను.

పన్నెండవ శాసనపు చివరి భాగమూ పదమూడవ దాని మొదటి భాగమూ గ్రీకు భాషలోనే చెక్కిన రాయి 1963లో ఆఫ్ఘనిస్తానంలోని కాందహారులో దొరికింది. అంతకు ముందు 1958లో అక్కడే గ్రీకులోను, అరామిక్‌లోను ఉన్న మరొక అశోక శాసనం దొరికింది. అరామిక్ అనగా ప్రభువు ఇంట్లో మాట్లాడిన భాష. ఆ గ్రీకు పాఠంలో ‘ధర్మం’ అనే మాటకు అనువాదకుడు ఏమి పెట్టాడో చూడగానే నాకు ఆశ్చర్యం వేసింది. ‘యూసెబెయ’. తిమోతికీ తీతుకూ రాసిన పత్రికలలో మళ్లీ మళ్లీ వచ్చే మాట. మన తెలుగులో దానిని భక్తి, దైవభక్తి అని తిప్పుకున్నాము. అశోకుడు చెప్పినదీ పౌలు చెప్పినదీ ఒకటే అని నేను అనడం లేదు. ఒక మాటను ఇద్దరు వాడినంత మాత్రాన అర్థం ఒకటి కాదు. కాని కాందహారులో ఒక గ్రీకువాడు మన దేశపు మాటకు తన భాషలో ఇల్లు వెతికి ఇచ్చాడు. దాదాపు మూడు వందల ఏండ్ల తరువాత అదే మాట పౌలు పత్రికలలోకి వచ్చింది. ఇంకా ఎంతో కాలానికి తెలుగులోకి వచ్చింది.

తిరుగు దారిలో కాలేజీ పిల్లవాడు, “అయ్యగారూ, ఇప్పుడు వాడికి ఏమని చెప్పను?” అని అడిగాడు. నెగ్గడానికి ఏమీ చెప్పవద్దన్నాను. మన విశ్వాసం ఎర్రగుడి బండ వలన రుజువు కాదు, అది బౌద్ధుడైన రాజు చెక్కించినది, ఆయన మాటలు ఆయనవే. కాని గ్రీకు ఊళ్ల పేర్లు ఈ నేలకు పరాయివి కావు, కొత్త నిబంధన పుట్టక ముందే ఇక్కడి జనం చెవిన దండోరాతో పడి ఉండవచ్చు. ఆ స్నేహితుణ్ణి కూడా ఒకసారి వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లమన్నాను. ఇద్దరూ కలిసి వెళ్లారని, స్నేహితుడు అంతియోకుని పేరు కోసం చాలాసేపు వెతికాడని మొన్న ఫోనులో చెప్పాడు.

చూడగోరేవారికి రెండు మాటలు. గుత్తిలో దిగి పత్తికొండ దారిన పోవాలి. ఉదయమే చేరండి, ఎండ పక్క నుంచి పడినప్పుడు అక్షరాలు బాగా తేలుతాయి. మధ్యాహ్నానికి బండ కాలుతుంది, గీతలు కనబడవు. దగ్గరలో ఏమైనా దొరుకుతుందని నమ్ముకోక నీళ్లు, సద్ది వెంట ఉంచుకోండి. అది పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్న చోటు. అక్షరాలు తెలియాలని సుద్దముక్కతో దిద్దడం, నీళ్లు పోసి రుద్దడం చేయవద్దు. పసిపిల్లలను గుండ్ల మీదికి ఎక్కనీయవద్దు. స్త్రీల మైత్రివారు వచ్చే నెల రెండవ శనివారం వ్యాను మాట్లాడుతున్నారు. రాదలచినవారు కూటం అయిన తరువాత కార్యదర్శమ్మగారి దగ్గర పేర్లు ఇవ్వండి.